సగం మనది, సగం బ్యాటరీది

మా సెంగ్‌కాంగ్ బ్లాకులో నాలుగంతస్తుల కింద ఉండే కొత్త దంపతులు ఈమధ్య ఒక పాత వ్యాన్ కొన్నారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. సెలవులొస్తే మలేషియా వెళ్లి ఆ వ్యాన్‌లోనే వండుకుని, అందులోనే పడుకుంటారట. బంగారం లాంటి ఫ్లాటు పెట్టుకుని డబ్బాలో పడుకోవడమేమిటర్రా అని మా ఆవిడ అడిగితే, “ఎక్స్‌పీరియన్స్ ఆంటీ” అన్నారు. ఆవిడ చిన్నప్పుడు ఎనిమిది మంది ఒకే గదిలో పడుకున్నారు కనుక, అది ఎక్స్‌పీరియన్స్ అని ఆవిడకి ఇప్పటికి తెలిసింది.

వాళ్లు నన్నడిగింది ఒకటే. వ్యాన్ లోపల బ్యాటరీ మీద వెలిగే లైట్లు ఏవి పెట్టుకోవాలి, తక్కువ కరెంటు తాగాలి, కళ్లకి హాయిగా ఉండాలి. సమాధానం రెండు ముక్కలు. ఎల్‌ఈడీలు కొనుక్కోండి, బ్యాటరీలో సగానికి మించి వాడకండి. “సగమే ఎందుకంకుల్? నెట్‌లో ఎనభై శాతం వాడొచ్చని ఉంది” అన్నాడు అబ్బాయి. ఇప్పటి బ్యాటరీలకి అది నిజమే కావచ్చు, నెట్‌తో నాకు తగాదా లేదు. కానీ రిటైరైన మనిషిని ‘ఎందుకు’ అని అడిగారంటే, ఇక ఆ సాయంత్రం మీది కాదు.

నా ఉద్యోగ జీవితంలో ఒకే ఒక్కసారి, ఒక వ్యాన్‌కి దీపాలు ఎంచే అధికారం పూర్తిగా నా చేతికి వచ్చింది. ఆ పని ఎంత ఘనంగా చేశానో చెబుతాను. మీరు అలా చేయకుండా ఉంటే నాకదే గురుదక్షిణ.

డాట్‌కామ్ రోజులవి. విమానం దిగిన ప్రతి తెలుగువాడూ కంప్యూటర్ మనిషే. నేను మాత్రం తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ని. ఇక్కడ, ఈ ఊరికి పడమర పక్క ఒక రేకుల షెడ్డులో, ఖాళీ వ్యాన్లకి లోపలి అమరికలు చేసే వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. మనవాళ్ల విందుల్లో నన్ను పరిచయం చేసుకోవడం మూడు వాక్యాల్లో అయిపోయేది. “మీరు ఏ టెక్నాలజీ అండి?” “వైరింగండి.” “ఓ, నెట్‌వర్కింగా?” “కాదండి, వైరింగే.” అంతే, వాళ్ల చూపు నా భుజం మీదుగా వెనక నిలబడ్డవాడి దగ్గరికి వెళ్లిపోయేది. పులిహోర ప్లేటు పట్టుకుని నేనూ వెనక్కి తిరిగి, ఎవరా మహానుభావుడని చూసేవాణ్ణి.

వర్క్‌షాపులో మా ఫోర్‌మన్ చైనీస్ పెద్దాయన. చదువు పెద్దగా లేదు. కానీ ఆయన చేతి మీదుగా వెళ్లిన బండి లైట్ల గురించి మళ్లీ మాట వచ్చేది కాదు. ఆయనకో పద్ధతి ఉంది. లైట్లు బిగించాక, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, లైట్లన్నీ వేసి, బండి రోజుకి ఎన్ని గంటలు పనిచేయాలో అన్ని గంటలూ తానే లోపల కూర్చునేవాడు. చేతిలో పేపరు. గంటకోసారి మీటరు చూసి నోట్‌బుక్కులో రాసేవాడు, సీటు మారేవాడు. ప్రతి సీట్లోనూ సన్నక్షరాలు చదవగలగాలి, చివర్లో బ్యాటరీలో సగం మిగలాలి. “సగం మనది లా, సగం బ్యాటరీది. దాని సగం ముట్టుకుంటే అది నీ సగం కూడా ఇవ్వదు” అనేవాడు, ఇక్కడివాళ్ల ‘లా’ ఊతపదంతో. లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించి నేను పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివింది కూడా అంతే. కాకపోతే దానికి వాళ్లు నాలుగొందల పేజీలు వాడారు.

అప్పుడు దొరికాడు నాకు మా కొత్త బాస్. విజయవాడ కుర్రాడు, ముప్ఫై రెండేళ్లు. పెద్ద కంపెనీలన్నీ ఉండే రాఫెల్స్ ప్లేస్‌లో ముప్ఫయ్యో అంతస్తులో ఆఫీసు. ఆఫీసులో పన్నెండుమంది మనుషులు, మూడు సోఫాలు, ఒక టేబుల్ ఫుట్‌బాల్. కంపెనీ ఏం చేస్తుందని అడగడం ఆ రోజుల్లో అమర్యాద. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ చోప్ చేసినట్టు, అంటే ముందే నాదని పట్టేసుకున్నట్టు, ముందు ఒక డాట్‌కామ్ పేరు చోప్ చేసి పెట్టుకునేవారు, అన్నం సంగతి తర్వాత. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకి అంత ఖరీదైన అద్దె కట్టిన చోటు నేను మరొకటి చూడలేదు.

మా బాస్ సోమలింగం ఒక వ్యాన్. పేటపేటకీ, అక్కడి నివాసుల కమిటీ అనుమతితో తిరిగి, కంప్యూటర్ అంటే భయపడే పెద్దవాళ్లకి అందులోనే పాఠం చెబుతుందన్నమాట. ఆలోచన నిజానికి మంచిదే, ఆయనకి ఎలా వచ్చిందో తెలియదు. ఎనిమిది సీట్లు, ఎనిమిది ల్యాప్‌టాప్‌లు. ఆగిన బండి ఇంజన్ ఆపెయ్యాలన్నది ఇక్కడి నియమం గనుక లైట్లకి వేరే బ్యాటరీ కావాలి. పట్టపగలు లైట్లెందుకంటారా? వ్యాన్ అద్దాలన్నిటి మీదా కంపెనీ బొమ్మలు అంటించేశారు. వెలుగు లోపలికి వస్తే బ్రాండు బయటికి పోదట.

“అంకుల్, మీకు పవర్ సిస్టమ్స్ ఆర్కిటెక్ట్ అని డెసిగ్నేషన్ ఇస్తానండి” అన్నాడు బాస్. నలభై ఏడేళ్ల మనిషిని, కుక్కపిల్లని బిస్కెట్టు చూపించి పిలిచినట్టు పిలిచాడు. వెళ్లాను. విజిటింగ్ కార్డు తీసుకెళ్లి మా ఫోర్‌మన్‌కి గర్వంగా చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది ఎన్ని ఆంప్స్ ఇస్తుంది?” అని అడిగి నాకే తిరిగి ఇచ్చేశాడు. ఆయనకి అసూయ అనుకున్నాను.

కొత్త ఆఫీసులో నాకు పరిచయమైన మనిషి ఒక్కతే ఒక్క అమ్మాయి, వ్యాన్‌లో పాఠం చెప్పబోయే టీచరు. వరంగల్‌లో కాలేజీ లెక్చరర్‌గా ఉన్నది మానుకుని వచ్చింది. ఆ కంపెనీలో పని చేస్తున్నది ఆమె ఒక్కతే అని కనిపెట్టడానికి నాకు రెండ్రోజులు పట్టింది. ముసలివాళ్లకి ఇంగ్లీషు రాదు కదా అని, చోవా చూ కాంగ్‌లో తన ఫ్లాటు కింద కాఫీ అమ్మే ఆంటీ దగ్గర కూర్చుని, ‘నొక్కు’, ‘ఎడమ’, ‘మెల్లగా’ లాంటి మాటలు ఇక్కడి చైనీస్ ముసలివాళ్ల భాష హొక్కియెన్‌లో నేర్చుకుని, తెలుగు అక్షరాల్లో ఒక నోట్‌బుక్కు నిండా రాసుకుంది. రోడ్డు మీద నడుస్తూ అవి వల్లె వేసేది.

ఆమెకి ఉన్న చిక్కు ఒకటే. ఆమె వర్క్ పాస్ ఆ నెలతో అయిపోతుంది. పొడిగింపు ఫారం నింపి బాస్ టేబుల్ మీద పెట్టింది, ఆయన సంతకం ఒక్కటే బాకీ. “లాంచ్ అయిపోనీ అమ్మా, పేట కమిటీ వాళ్లు ఓకే అంటే అప్పుడే సంతకం” అన్నాడు బాస్. లాంచ్ శనివారం. ఫారం ఇవ్వడానికి ఆఖరి రోజు ఆ తర్వాతి బుధవారం. ఆ సంతకం పడకపోతే ఆమె పెట్టె సర్దుకోవాలి. ఇది నాకు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాకు తెలుసు.

ఇక దీపాల ఎంపిక. మూడు రకాలు తెచ్చి వ్యాన్‌లో పెట్టి చూపించాను.

మొదటిది తెల్ల ఎల్‌ఈడీ, అప్పుడప్పుడే మార్కెట్లోకి వచ్చిన వింత. కరెంటు తాగదు, నిజమే, అలాగే వెలుగూ ఇవ్వదు. ఇచ్చిన కాస్తా నీలంగా ఉండేది. దాని కింద నిలబడి మా బాస్ అద్దంలో చూసుకుని, “అంకుల్, పోయినట్టున్నానండి” అన్నాడు. రెండోది మా ఫోర్‌మన్ ఎప్పుడూ వాడే పన్నెండు వోల్టుల చిన్న ట్యూబులు. ఆరు పెడితే ఎనిమిది సీట్లకీ చక్కగా సరిపోతాయి, అన్నీ కలిసి నాలుగు ఆంప్స్ తాగుతాయి. “ట్యూబ్‌లైట్లా? మా వీధి రేషన్ షాపులా ఉంటుందండి” అన్నాడు. మూడోది హాలోజన్ బుడ్లు. పన్నెండు బిగించి స్విచ్ వేయగానే వ్యాన్ అంతా బంగారపు కొట్టులా మెరిసింది. బుడ్లన్నీ కలిసి పది ఆంప్స్ మింగుతూ, కింద కూర్చున్నవాడి నడినెత్తిని కూడా వెచ్చబెట్టేవి.

“ఇదీ లుక్కంటే” అన్నాడు బాస్.

ఆ అమ్మాయి మాత్రం ట్యూబుల కింద నోట్‌బుక్కు తెరిచి చూసి, “అంకుల్, వీటికిందనే మంచిగ కనవడ్తంది. ముసలోల్లకి గా బుడ్ల కింద స్క్రీన్ మెరుస్తది” అంది. వాడబోయే మనిషి చెప్పిన మాట అది. నేను ఆర్కిటెక్టుని. పాఠం చెప్పేవాళ్ల మాట ఎలా వింటాను.

కంప్యూటర్లో లెక్క వేశాను. అప్పుడే నేర్చుకున్న స్ప్రెడ్‌షీట్, రంగురంగుల గడులు. బ్యాటరీ వంద ఆంపియర్ అవర్లు, పది ఆంప్స్ చొప్పున నాలుగు గంటల కార్యక్రమానికి నలభై, మిగులు అరవై. ఆకుపచ్చ గడి. ఫోర్‌మన్ సూత్రానికి కూడా లోబడే ఉంది. ఇక వ్యాన్‌లో కూర్చుని పేపరు చదవడమెందుకు? అది రేకుల షెడ్డు పద్ధతి. మేము ముప్ఫయ్యో అంతస్తు.

ఇక్కడిదాకా జరిగింది ఏ దేశంవాడైనా చేయగల తప్పు. తర్వాతది మనవాళ్లే చేయగలరు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి లాంచ్ అని పేట కమిటీ వాళ్లు పెట్టారు. పంచాంగం చూస్తే అది రాహుకాలం. కమిటీ పెద్దాయనకి రాహువు సంగతి చెప్పి టైము మార్పించే ధైర్యం మా బాస్‌కి లేదు, రాహుకాలంలో మొదలుపెట్టే ధైర్యం అంతకన్నా లేదు. అందుకని, ముందురోజు శుక్రవారం అదే తొమ్మిదిన్నరకి మంచి ముహూర్తం ఉందని, అప్పుడే అసలు ప్రారంభం చేసేద్దామన్నాడు. తర్వాత కమిటీవాళ్లు చేసుకునేది ఉత్తి ఫంక్షనట. దేవుడికొక ఓపెనింగ్, జనానికొక ఓపెనింగ్.

అలా చోవా చూ కాంగ్‌లో అప్పట్లో మేముండే బ్లాక్ కింది కార్ పార్కులో పూజ జరిగింది. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు, ల్యాప్‌టాప్‌లన్నిటికీ బొట్లు. లోపల వినాయకుడి పటం పెట్టారు. కొత్త వ్యాన్‌లో నిప్పు వద్దని నేనే అనడంతో, నూనె దీపం బదులు పటం పైనున్న రెండు హాలోజన్ బుడ్లు వెలిగించి అదే జ్యోతి అనుకున్నాం. పంతులుగారు కూడా కాలంతో పాటు నడిచే మనిషి, అభ్యంతరం చెప్పలేదు.

అంతా అయ్యాక బాస్ వెళ్లిపోయాడు. బండి తాళాలు ఆ అమ్మాయి దగ్గర ఉన్నాయి. తాళం వేయబోతూ, “అంకుల్, గా రెండు లైట్లు బంద్ చెయ్యాల్నా?” అని అడిగింది.

నేను చెప్పిన జవాబు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “దేవుడి ముందు వెలిగించిన దీపం మన చేత్తో ఆర్పకూడదమ్మా. రేపు లాంచ్ దాకా వెలగనీ. నా బ్యాటరీకి రెండు బుడ్లు ఒక లెక్కా?”

“బ్యాటరీ దిగిపోదా?”

“లెక్క చూసిందెవరనుకున్నావు?”

ఆమె తాళం వేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోయింది. నేను పైకెక్కి భోజనం చేసి, మనసులోనే మరో గడి కలిపాను. రెండు బుడ్లు, ఇరవై నాలుగు గంటలు, నలభై. వందలో పూజకి నలభై, లాంచికి నలభై, ఇంకా ఇరవై మిగులు. దేవుడూ సంతోషం, జనమూ సంతోషం. ఆ గడినీ ఆకుపచ్చగానే ఊహించుకున్నాను.

శనివారం పదకొండు మంది ముసలివాళ్లు వచ్చారు, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, జుట్టు దువ్వుకుని. కమిటీ పెద్దాయన ఉపన్యాసమిచ్చాడు. అందులో మూడొంతులు పర్యావరణం గురించే, ఇంజన్లు ఊరకే తిప్పకూడదని, గాలి పాడుచేయకూడదని. మా బాస్ ఇంకో ఉపన్యాసమిచ్చాడు, అందులో ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు గనుక చప్పట్లు ఎక్కువ పడ్డాయి. తర్వాత ఎనిమిది మంది లోపలికెక్కారు, మిగిలిన ముగ్గురూ తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ అమ్మాయి తన హొక్కియెన్‌లో ‘మెల్లగా, ఎడమ, నొక్కు’ అనడంతో లోపల ఒకటే నవ్వులు. ఒక డెబ్భై అయిదేళ్ల ఆవిడ మౌస్‌ని రెండు చేతులతో పట్టుకుని నడిపి, తర్వాత ఒక్కో అక్షరం నొక్కి తన పేరు తెర మీద తెప్పించి, వేలితో అందరికీ చూపించింది. ఆ కంపెనీ పుట్టాక దాని ద్వారా ఎవరికైనా ఏదైనా జరిగిందంటే ఆ ఉదయమే.

సరిగ్గా గంట తర్వాత వెలుగు పసుపైంది. తర్వాత అందరి మొహాలకీ పసుపు రాసినట్టయింది. ఇంకో పది నిమిషాలకి బుడ్లలో తీగ మాత్రం ఎర్రగా, ఆరిపోబోయే అగరొత్తిలా కనిపించింది. నేను మీటరు పెట్టి చూసి, పెట్టినంత వేగంగా తీసేశాను. నా లెక్క ప్రకారం ఇంకా సగం బ్యాటరీ ఉండాలి. ఆ సగం బ్యాటరీది. బ్యాటరీకి నా స్ప్రెడ్‌షీట్ ఎవరూ చూపించినట్టు లేదు.

అద్దాలన్నీ బొమ్మలతో మూసేసిన వ్యాన్‌లో చీకటి పడితే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. ల్యాప్‌టాప్ తెరల వెలుగు కాళ్లదాకా రాదు, తలుపుకి మనుషులు అడ్డం. ఒకాయన మెట్టు కానక కాలు మడతపడి కూర్చుండిపోయాడు. దెబ్బ పెద్దది కాదు, కానీ కేక పెద్దది. ఇంజన్ వేద్దామంటే పర్యావరణం పెద్దాయన పక్కనే ఉన్నాడు. ఆ అమ్మాయి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని కిందికి దించింది. మా బాస్ మైకు తీసుకుని, “దిసీజ్ అవర్ లో పవర్ మోడ్” అన్నాడు. ఆ మనిషి ప్రతిభని నేనెప్పుడూ తక్కువ అంచనా వేయలేదు.

సోమవారం మీటింగ్. ఇన్వెస్టర్లకి రిపోర్ట్ పంపాలి. బాస్, నేను, ఆ అమ్మాయి.

“రాత్రంతా లైట్లు ఆన్‌లో ఉన్నాయట. ఎవరు వదిలేశారు?” అన్నాడు బాస్. రిజిస్టర్ ముందుంది. తాళం వేసినవాళ్ల సంతకం ఆ అమ్మాయిది.

ఆమె నా వైపు చూసింది. ఫిర్యాదుగా చూడలేదు. క్లాసులో జవాబు తెలిసిన పిల్లవాడు చెబుతాడేమోనని టీచరు ఒక క్షణం ఆగుతుందే, అలా చూసింది. ఆమెకి ఎదురుగా, టేబుల్‌కి అవతల, బాస్ మోచేతి కింద, ఆ ఫారం కనబడుతూనే ఉంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను అది కూడా చేయలేదు. భుజాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, “కనుక్కుంటానండి” అన్నాను. చూశారా, అబద్ధం ఆడలేదు. విచారణ చేస్తానన్నాను. నన్ను నేనే కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది.

ఎందుకలా అన్నానని ఇన్నేళ్లూ నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. ఇద్దరు పిల్లల చదువులు, నా పాస్ కూడా ఆ కంపెనీ మీదే ఉండటం, వగైరా. అవన్నీ నిజాలే. అసలు కారణం అవేవీ కాదు. ముప్ఫయ్యో అంతస్తులో కూర్చుని, నాకు బ్యాటరీ లెక్క రాలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని. ఆ ఒక్కటే వచ్చు నాకు.

“ఓకే, హ్యూమన్ ఎర్రర్” అని రాసుకున్నాడు బాస్.

మంగళవారం నేను బాస్ గదిదాకా వెళ్లి, లోపల ఫోన్ మాట్లాడుతున్నాడని తిరిగొచ్చాను. బుధవారం ఫోన్‌లో లేడు, అయినా తిరిగొచ్చాను. గురువారం పొద్దున వెళ్లి అంతా చెప్పేశాను. లైట్లు ఉంచమన్నది నేను, బుడ్లు ఎంచింది నేను, టెస్టు మానేసింది నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, అదీ వేరేవాళ్ల చేతులు.

బాస్ శ్రద్ధగా విన్నాడు. “అంకుల్, మీ నిజాయితీకి హ్యాట్సాఫండి. కానీ రిపోర్ట్ వెళ్లిపోయింది. హ్యూమన్ ఎర్రర్ అంటే మనిషిని మారిస్తే సరి. ఇంజనీరింగ్ ఎర్రర్ అంటే కంపెనీనే అనుమానిస్తారు. మీరు బాధపడకండి.”

“మరి ఆ అమ్మాయి ఫారం?”

“నిన్నటితో డేట్ అయిపోయింది కదండీ” అని, ఆ ఫారం తీసి చూపించి, దాని వెనక ఏదో ఫోన్ నంబరు రాసుకున్నాడు. నాకు తెలిసిన తిట్లన్నీ గొంతుదాకా వచ్చాయి. అవి ఎవరిని తిట్టాలో తేలక అక్కడే ఆగిపోయాయి.

కమిటీ పెద్దాయన మాత్రం ఇంకో అవకాశమిచ్చాడు. ఎవరి తప్పు అని కూడా అడగలేదు. “ముసలాళ్లు మళ్లీ వస్తామంటున్నారు. చదవడానికి వెలుగుంటుందా, ఉండదా? అది చెప్పు చాలు” అన్నాడు. నేను వ్యాన్ తీసుకుని నేరుగా మా రేకుల షెడ్డుకి వెళ్లాను. ఫోర్‌మన్ బుడ్లన్నీ చూసి, ఒకటి ఊడదీసి చేతిలో పెట్టుకుని, “బంగారం అమ్ముతున్నారా?” అని అడిగాడు. జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి సంగతి కూడా. ఆయన లోపలికెళ్లి ఆరు ట్యూబులు తెచ్చి నా ముందు పెట్టి, “నువ్వు బిగించు. టెస్టు మాత్రం నువ్వొక్కడివే కూర్చుంటే క్యానాట్. లెక్క వేసినవాడు ఒక్కడే కూర్చుంటే మీటరు కూడా అతని మాటే వింటుంది. వాడే మనిషిని పిలువు” అన్నాడు.

బాస్‌ని అడిగితే, ఆ అమ్మాయికి ఇంకో అయిదు రోజులు నోటీసు ఉంది, ఎలాగూ ఖాళీయే కదా, ఆమెనే తీసుకెళ్లమన్నాడు.

ఆమె వచ్చింది. షెడ్డులో నీడన వ్యాన్ పెట్టి, తలుపు మూసి, తొమ్మిదింటికి లైట్లు వేశాం. ఎనిమిది గంటల టెస్టు. ఫోర్‌మన్ తన పాత నోట్‌బుక్కూ, ఆ రోజు పేపరూ ఇచ్చి వెళ్లిపోయాడు. నాతో ఒక మనిషిని ఎనిమిది గంటలు తలుపు మూసి కూర్చోబెట్టడం కేవలం బ్యాటరీ పరీక్షేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మొదటి మూడు గంటలూ ఆమె సీటు సీటుకీ మారుతూ పేపరు చదివింది. నేను మీటరు చదివాను. మధ్యాహ్నం ఫోర్‌మన్ రెండు పొట్లాల నూడుల్స్ తెచ్చిచ్చి, “మకాన్, మకాన్”, తినండి తినండి అని వెళ్లిపోయాడు. తింటూ చెప్పాను.

“నేను బాస్‌కి చెప్పానమ్మా. లైట్లు నేనే ఉంచమన్నానని.”

“ఎర్కనే అంకుల్. గురువారం చెప్పిన్రు.”

“నీకెవరు చెప్పారు?”

“బాసే చెప్పిండు. మీ అంకుల్ చాన మంచోడు అన్నడు.” ఆమె నూడుల్స్ కెలికింది. “సోమవారం మీరు చెప్తరేమో అని చూసిన. మంగళవారం గూడ చూసిన. బుధవారం సాయంత్రం అయిదింటిదాంక ఆఫీసుల్నే కూసున్న.”

“తప్పు చేశానమ్మా.”

“అవునంకుల్” అంది. నాకు సర్దిచెప్పలేదు, పోనీలే అనలేదు. మనవైపు ఇలాంటిచోట పెద్దవాళ్లని ఓదార్చడం మర్యాద. ఆమె ఆ మర్యాద చేయనందుకు అప్పుడు నాకు మంటగా అనిపించింది. ఇప్పుడు గౌరవంగా ఉంటుంది. నూడుల్స్ చల్లారిపోయాయి. నేను మూత పెట్టేశాను, ఆమె మాత్రం పూర్తిగా తింది.

అయిదింటికి ట్యూబులు పొద్దున వెలిగినట్టే వెలుగుతున్నాయి. మీటరు చూశాను. వందలో అరవై ఎనిమిది మిగిలింది. ఆమె ఆఖరి సీట్లో కూర్చుని, క్రికెట్ స్కోరు కింది సన్నక్షరాలు పైకి చదివి, “మంచిగ కనవడ్తంది” అంది. తర్వాత లేచి వెళ్లి, స్విచ్ మీద చెయ్యి పెట్టి, నేను చూస్తున్నానో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసి, లైట్లు ఆపేసింది.

తలుపు తెరిచాం. వెలుతురులో నోట్‌బుక్కు తీసుకుని, చివరి వరసలో, ఫోర్‌మన్ గీసిన గడిలో, ఇంగ్లీషులో తీరిగ్గా రాసింది. లైట్లు ఆపినవారు అని, పక్కన తన పూర్తి పేరు, టైము. కింద సంతకం. ఆ పక్కన ఇంకో గీత గీసి, పెన్ను నాకు అందించింది.

“సాక్షి సంతకం మీరు పెట్టున్రి అంకుల్. ఈసారి చూసిన్రు గద.”

పెట్టాను. సంతకం వంకరగా వచ్చింది. వయసు మీదికి నెట్టేద్దామంటే, అప్పటికి నాకు నలభై ఏడే.